ఉడుమునూ అట్లాస్ శలభాన్నీ ఒకే గోడపత్రిక మీద పోల్చవచ్చునా?

గోడపత్రిక_శారద:
మేము ఉండేది బెంగళూరులో, హెబ్బాళకు దగ్గరలో ఉన్న ఒక అపార్ట్‌మెంటు సముదాయంలో. ఇక్కడి తెలుగు పిల్లలకు ఆదివారాలలో చదవడం, రాయడం నేర్పుతూ, నెలకొక గోడపత్రిక వాళ్ళ చేతనే తయారు చేయిస్తుంటాను. ఈ నెల విషయం "రెండు ప్రాణులు". అనంతపురం వైపు తాతగారి చేనులో ఉడుమును చూసి వచ్చిన అబ్బాయి దానిని ఎంచుకున్నాడు. మడికేరిలో వరండా దీపం దగ్గర వాలిన పెద్ద అట్లాస్ శలభాన్ని చూసి వచ్చిన అమ్మాయి దానిని ఎంచుకుంది. బొమ్మలు రెండూ చక్కగా కుదిరాయి. వాటి కింద ఒక పోలిక రాద్దామని కూర్చుంటే, పిల్లల తండ్రులలో ఒకరు "ఇది హస్తిమశకాంతరం, వెన్నెముక ఉన్న జంతువుకూ లేని పురుగుకూ పోలిక పెట్టి పిల్లలను తికమక పెట్టకండి" అన్నారు. ఆయన మాటను పూర్తిగా కొట్టివేయలేను. అయితే "ఉడుము పెద్దది, శలభం చిన్నది, ఉడుము పాకుతుంది, శలభం ఎగురుతుంది" అనే వాక్యాల దగ్గరే ఆగిపోవడమూ నాకు ఇష్టం లేదు. ఈ రెండింటినీ ఏ అంశాల మీద పోల్చితే అర్థవంతంగా ఉంటుందో తెలిసినవారు చెప్పగలరా?

సందేహాల_రావు:
ఆ తండ్రిగారు చెప్పినదే సరైనదని నా అభిప్రాయం. పోలికకు ఒక ఉమ్మడి నేల ఉండాలి. ఉడుమును తొండతోనో ఇంటి బల్లితోనో పోల్చితే పిల్లలకు సరీసృపాల గురించి ఏదో ఒకటి తెలుస్తుంది. అట్లాస్ శలభాన్ని దసలి పట్టుపురుగుతో పోల్చితే, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి, ఆ కుటుంబం గురించి తెలుస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే బొమ్మలకు అందం రావచ్చును గాని, విషయం ఏమీ రాదు.

లాల్‌బాగ్_లావణ్య:
రావు గారితో నేను ఏకీభవించను. దగ్గరి బంధువులను పోల్చితే అవి ఎక్కడ వేరుపడ్డాయో తెలుస్తుంది. దూరపు ప్రాణులను పోల్చితే, ఒకే అవసరాన్ని రెండు వేర్వేరు శరీరాలు ఎలా తీర్చుకున్నాయో తెలుస్తుంది. శారద గారు పరిమాణాన్ని పక్కన పెట్టి, వాసన పట్టడం దగ్గర మొదలు పెట్టాలని నా సూచన.

ఉడుము నాలుక పాము నాలుకలాగే రెండుగా చీలి ఉంటుంది. అది ఆ నాలుకను బయటకు చాపి గాలిలోనూ నేల మీదనూ ఉన్న వాసన కణాలను అంటించుకుని లోపలికి తీసుకుంటుంది. నోటి పైభాగంలో ఉండే జాకబ్సన్ అవయవం వాటిని గుర్తిస్తుంది. చీలికలోని రెండు కొనలూ రెండు చోట్ల నుంచి నమూనాలు తెస్తాయి కాబట్టి, వాసన ఎడమ వైపు ఎక్కువగా ఉందో కుడి వైపు ఎక్కువగా ఉందో దానికి తెలుస్తుంది. మగ అట్లాస్ శలభానికి ఆ పనిని ఈకల్లాగా విచ్చుకున్న రెండు మీసాలు చేస్తాయి. ఆడ శలభం గాలిలోకి వదిలిన రసాయనాన్ని అవి చాలా దూరం నుంచి పట్టుకుంటాయి. ఆడదానికి అంత గుబురు మీసాలు ఉండవు, ఎందుకంటే వెతికే పని దానిది కాదు. ఉడుము వాసనతో ముఖ్యంగా ఆహారాన్ని వెతుకుతుంది, మగ శలభం వాసనతో జతను మాత్రమే వెతుకుతుంది. ఈ ఒక్క అంశంతోనే గోడపత్రికలో సగం నిండుతుంది.

పట్టురైతు_బిడ్డ:
లావణ్య గారు చెప్పిన ఆ రసాయనం కథలో పట్టుకు పెద్ద భాగం ఉంది. శలభాలు జతను పిలిచే పదార్థాన్ని మొదటిసారిగా వేరు చేసి దాని రూపాన్ని తేల్చినది మనం పెంచే మల్బరీ పట్టు శలభం నుంచే. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బూటెనాంట్ బృందం 1959లో ఆ ఫలితాన్ని ప్రకటించింది. కొన్ని మిల్లీగ్రాముల పదార్థం కోసం వాళ్ళు దాదాపు 5 లక్షల ఆడ శలభాల గ్రంథులను సేకరించవలసి వచ్చింది. దానికి బాంబికాల్ అని పేరు పెట్టారు. మాది మడకశిర వైపు. మా ఇంట్లో చంద్రికలు అనే వెదురు తట్టల మీద గూళ్ళు అల్లిన పురుగులలో కొన్నింటిని విత్తనానికి ఉంచినప్పుడు, బయటకు వచ్చిన మగ శలభాలు రెక్కలు టపటపా కొట్టుకుంటూ ఆడవాటి చుట్టూ తిరగడం చిన్నప్పుడు చూస్తూ ఉండేవాళ్ళము. పెంపుడు పట్టు శలభం ఎగరలేదు, కానీ ఆ వాసనకు మాత్రం ఇప్పటికీ లొంగుతుంది.

సిగ్నల్_దగ్గర_సీను:
మగ శలభం చీకటిలో, చిరునామా లేకుండా, వాసన ఆధారంగా జతను చేరుకుంటుందన్నమాట. మన బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి రద్దీలో మ్యాపు చేతిలో ఉండి కూడా అవతలి వైపుకు చేరుకోలేకపోతున్నాము. పేరులో ఉన్న పట్టు పనిలో లేదు.

చూళైమేడు_చంద్రం:
ఒక దిద్దుబాటు అవసరమని అనుకుంటున్నాను. దక్షిణ భారతంలోని పడమటి కనుమలలోనూ శ్రీలంకలోనూ ఉండే పెద్ద శలభం అటాకస్ టాప్రొబానిస్ అనే జాతి. అటాకస్ అట్లాస్ అని 1758లో లినేయస్ పేరు పెట్టిన జాతి ఈశాన్య భారతం నుంచి ఆగ్నేయాసియా వరకు కనిపిస్తుంది. రెండూ చూడడానికి ఒకలాగే ఉంటాయి, రెండింటి రెక్కల మీదా పొలుసులు లేని పారదర్శకమైన కిటికీలు ఉంటాయి. మడికేరి ఆ కనుమలలోనే ఉంది కాబట్టి ఆ అమ్మాయి చూసినది మొదటిదే అయి ఉండాలి. ఇంకొక మాట. "ప్రపంచంలోకెల్లా పెద్ద శలభం" అని మాత్రం రాయకండి. రెక్కల వైశాల్యంలో ఆస్ట్రేలియా, న్యూగినీలలోని హెర్క్యులిస్ శలభం దీనికి గట్టి పోటీ. రెక్క కొన నుంచి రెక్క కొన వరకు కొలిస్తే దక్షిణ అమెరికాలోని వైట్ విచ్ అనే శలభం సుమారు 30 సెంటీమీటర్లతో అన్నింటినీ దాటిపోతుంది.

గోడపత్రిక_శారద:
చంద్రం గారూ, ఆ అమ్మాయి శీర్షికలో ఎర్ర స్కెచ్ పెన్నుతో "అట్లాస్" అని ఎంతో ముచ్చటగా రాసుకుంది. అది కొట్టివేయించాలా?

చూళైమేడు_చంద్రం:
అవసరం లేదు. "దక్షిణాది అట్లాస్ శలభం" అని ముందు ఒక మాట చేర్చించండి. తన బొమ్మలోనిది మన కొండలలోనే దొరికే జాతి అని తెలిస్తే ఆ అమ్మాయి ఇంకా సంతోషిస్తుంది.

కంజీర_వాసు:
మైలాపూరులో ఉండేవాడిని కాబట్టి నాకు తోచిన పోలిక వేరు. మార్గళి నెల కచేరీ వేదిక మీద ఒకప్పుడు ఈ రెండు రకాల ప్రాణులూ పక్కపక్కనే కూర్చునేవి. గాయని కట్టుకున్న కంచిపట్టు చీర శలభం ఇచ్చినది, పక్కన వాయించే కంజీర అనే చిన్న చేతివాద్యం మీది చర్మం ఉడుముది. పనస కర్రతో చేసిన చట్రానికి ఆ పలుచటి చర్మాన్ని బిగించి, వాయించే ముందు నీటితో తడిపి శ్రుతిని దించుకునేవారు. ఉడుముకు చట్టరక్షణ వచ్చిన తరువాత మేక చర్మమూ కృత్రిమమైన పొరలూ ఆ స్థానంలోకి వచ్చాయి. నేను నేర్చుకున్నది మేక చర్మం మీదనే. పాతవారు ఆ నాదం వేరంటారు. వేరే అయినా, ఒక ప్రాణిని చంపి తెచ్చుకోవలసినంత వేరని నాకు అనిపించలేదు.

సందేహాల_రావు:
వాసు గారి పరిశీలన రసవత్తరంగా ఉంది గాని, అది మనుషులు వాటిని వాడుకున్న తీరుకు సంబంధించినది. శారద గారు అడిగినది ప్రాణుల గురించి. పైగా చీర ఇచ్చినది మల్బరీ పట్టు శలభం, అట్లాస్ శలభం కాదు.

అడయారు_అక్క:
రావు గారూ, పిల్లలకు అది కూడా తెలియాలి. ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అంటే పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే ఉంది. పట్టుకోవడం, చంపడం, మాంసం తినడం, చర్మం అమ్మడం అన్నీ నేరాలే. ఇంకొక దారుణం కూడా ఉంది. మగ ఉడుము జననాంగాలను ఎండబెట్టి, "హత్తా జోడీ" అనే పవిత్రమైన చెట్టు వేరని చెప్పి, పూజగదిలో పెట్టుకుంటే ధనం వస్తుందని నమ్మించి అమ్ముతారు. కొన్నవారికి తాము ఏమి కొన్నామో తెలియదు. ఈ సంగతి గోడపత్రికలో రాయనవసరం లేదు, తల్లిదండ్రులకు మాత్రం చెప్పండి. మీ ఆవరణలోకి ఉడుము వస్తే కర్రలు పట్టుకోకుండా అటవీ శాఖకు ఫోను చేయమని కూడా చెప్పండి. దానిని తరమకుండా వదిలేస్తే చాలాసార్లు తానే వెళ్ళిపోతుంది.

లాల్‌బాగ్_లావణ్య:
మళ్ళీ ప్రాణుల దగ్గరకు వస్తాను. రెండవ అంశం తిండి. ఎదిగి రెక్కలు వచ్చిన అట్లాస్ శలభానికి పనిచేసే నోరు లేదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు ఆకులు తిని దాచుకున్న కొవ్వుతోనే అది ఒకటి రెండు వారాలు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. కాబట్టి ఆ అమ్మాయి దీపం దగ్గర చూసినది ఆ జీవితంలోని ఆఖరి ఘట్టం. ఉడుము కథ దీనికి పూర్తిగా తలకిందులు. గుడ్డు నుంచి బయటపడిన రోజు నుంచి అది వేటాడుతూనే ఉంటుంది. పిల్ల ఉడుములు ఎక్కువగా పురుగులను తింటాయి. పెద్దవి పేడపురుగుల నుంచి నత్తలు, ఎండ్రకాయలు, కప్పలు, పక్షిగుడ్ల వరకు దొరికిన ప్రతిదానినీ తింటాయి. బందీగా ఉన్నవి 20 సంవత్సరాలకు పైగా బతికిన సందర్భాలు ఉన్నాయి. ఒకటి జీవితాన్ని తినే దశ, కనే దశ అని రెండుగా కోసుకుంది, ఇంకొకటి రెండింటినీ కలిపి నడుపుతోంది. ఈ తేడా పదేళ్ళ పిల్లలకు తప్పకుండా అర్థమవుతుంది.

పట్టురైతు_బిడ్డ:
తినే దశ గురించి మా ఇంటి సాక్ష్యం ఇస్తాను. మల్బరీ పట్టుపురుగు చాకీ (పిల్లపురుగు) దశ నుంచి గూడు కట్టేలోగా నాలుగుసార్లు చర్మం విడుస్తుంది, నాలుగు వారాలలోపే బరువు దాదాపు 10,000 రెట్లు పెరుగుతుంది. ఆఖరి దశలో రాత్రిపూట తట్టల మీద ఆకు వేస్తే వాన చినుకులు పడుతున్నంత చప్పుడు వస్తుంది. చర్మం విడవడం ఉడుముకూ ఉంది, అయితే అది ఆ పని జీవితమంతా చేస్తుంది. అన్నట్టు, అందరూ ఉడుము పట్టు గురించే చెబుతారు. పట్టుపురుగును ఆకు నుంచి లాగి చూడండి. పొట్ట కింది కాళ్ళకు సన్నని కొక్కేలు ఉంటాయి, బలవంతంగా లాగితే పురుగుకు గాయమవుతుంది గాని పట్టు వదలదు.

సిగ్నల్_దగ్గర_సీను:
ఉడుము పట్టు, పట్టుపురుగు పట్టు. శీర్షిక దొరికింది, నా పని అయిపోయింది.

మల్లేశ్వరం_మాస్టారు:
ముప్పై ఏళ్ళకు పైగా జీవశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఇంతవరకు ఎవరూ ఎత్తని ఒక అంశం చెబుతాను. రావు గారు అడిగిన ఉమ్మడి నేల బహుశా ఇక్కడే ఉంది.

మనుషులలో పుట్టబోయే బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి తేలుతుంది. తల్లికి రెండు ఎక్స్‌లు, తండ్రికి ఒక ఎక్స్, ఒక వై. ఉడుములలో ఈ ఏర్పాటు తిరగబడి ఉంటుంది. మగదానికి రెండు జడ్‌లు, ఆడదానికి ఒక జడ్, ఒక డబ్ల్యూ. అంటే పిల్ల ఆడా మగా అన్నది తల్లి ఇచ్చిన క్రోమోజోము నిర్ణయిస్తుంది. శలభాలలోనూ సీతాకోకచిలుకలలోనూ సాధారణంగా ఉన్నది సరిగ్గా ఈ ఏర్పాటే. పట్టు శలభంలో ఆడతనాన్ని నిర్ణయించే సంకేతం డబ్ల్యూ క్రోమోజోములోనే, ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ రూపంలో ఉందని 2014లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

దీని ఫలితం ఉడుముల పెద్దన్న అయిన కొమొడో డ్రాగన్‌లో స్పష్టంగా కనిపించింది. ఇంగ్లాండులోని చెస్టర్, లండన్ జంతుప్రదర్శనశాలలలో ఉన్న ఆడ కొమొడోలు మగదాని ప్రమేయం లేకుండానే ఫలించిన గుడ్లు పెట్టాయని 2006లో ప్రకటించారు. అలాంటి గుడ్డులో తల్లి ఇచ్చిన సగం క్రోమోజోములే రెట్టింపు అవుతాయి. జడ్ ఉన్న గుడ్డు జడ్ జడ్ అయి మగపిల్ల అవుతుంది, డబ్ల్యూ ఉన్నది డబ్ల్యూ డబ్ల్యూ అయి బతకదు. అందువల్ల తండ్రి లేకుండా పుట్టిన కొమొడో పిల్లలన్నీ మగవే. ఒంటరి ఆడది ఏ దీవికైనా చేరితే తనకు కావలసిన మగవాటిని తానే కనగలదని కొందరు శాస్త్రవేత్తలు దీనిని వివరించారు.

సందేహాల_రావు:
మాస్టారూ, ఇది చాలా ఆసక్తికరమైన విషయమే, కానీ నా భయమంతా ఇక్కడే ఉంది. రెండింటికీ జడ్, డబ్ల్యూ అని ఒకే అక్షరాలు చూస్తే, ఉడుమూ శలభమూ ఒకే పూర్వికుడి నుంచి ఆ ఏర్పాటును తెచ్చుకున్నాయని పిల్లలు అనుకోరా?

మల్లేశ్వరం_మాస్టారు:
అనుకునే ప్రమాదం ఉంది, మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆ అక్షరాలు మనం పెట్టుకున్నవి. వెన్నెముక గల జంతువులకూ కీటకాలకూ ఉమ్మడి పూర్వికులు ఉన్న కాలం 50 కోట్ల సంవత్సరాలకు వెనకటి మాట. ఈ రెండు ఏర్పాట్లూ ఆ తరువాత వేర్వేరుగా రూపుదిద్దుకున్నాయి, వాటిలోని జన్యువులు కూడా వేరు. అందుకని శారద గారు "రెండింటికీ ఒకే లక్షణం వచ్చింది" అని రాయకుండా "రెండూ విడివిడిగా ఒకే పద్ధతికి చేరుకున్నాయి" అని రాస్తే, మీ అభ్యంతరమూ తీరుతుంది, పిల్లలకు పరిణామం గురించి ఒక మంచి మాట కూడా అందుతుంది.

సందేహాల_రావు:
ఆ వాక్యం ఉంటే నాకు అభ్యంతరం లేదు. తొండతో పోల్చడమే మేలన్న మాట మీద మాత్రం నేను ఇంకా నిలబడే ఉన్నాను.

అడయారు_అక్క:
ఉడుము పట్టు అంటే ఇదే కాబోలు.

తుమకూరురోడ్డు_తేజ:
వేడి గురించి ఎవరూ చెప్పలేదు. ఉడుము పొద్దున్నే బండ మీద ఎండ కాచుకుని, ఒళ్ళు వెచ్చబడిన తరువాతనే చురుకుగా తిరుగుతుంది. రాత్రి ఎగిరే శలభానికి ఎండ ఎక్కడిది? అందువల్ల పెద్ద శలభాలు ఎగరబోయే ముందు రెక్కల కండరాలను వణికించి, ఛాతీ భాగంలో తమంతట తామే వేడి పుట్టించుకుంటాయి. వరండా గోడ మీద వాలిన శలభం ఎగిరే ముందు కాసేపు అలా వణకడం చాలామంది చూసి ఉంటారు. శీతల రక్తపు జంతువులని రెండింటినీ ఒకే గాటన కట్టి పాఠాలలో చెప్పేస్తాము గాని, వేడి సంపాదించుకునే తీరులో రెండింటికీ ఇంత తేడా ఉంది.

దీపం సంగతి కూడా చేర్చండి. శలభం దీపాన్ని మోహించి వస్తుందని మన కవులు చెప్పుకున్నారు. 2024లో వెలువడిన ఒక పరిశోధనలో వేగవంతమైన కెమెరాలతో చిత్రించి చూస్తే, ఎగిరే కీటకాలు తమ వీపును వెలుగు వైపు తిప్పుకుంటున్నాయని తేలింది. ఆకాశం ఎప్పుడూ పైనే ఉంటుంది కాబట్టి ఆ అలవాటు వాటిని నిటారుగా ఉంచేది. మన దీపం పక్కన ఉంటే అవి పక్కకు ఒరిగి దాని చుట్టూ తిరుగుతూ చిక్కుకుంటాయి. ఆ పరిశోధనలో గన్నేరు శలభం ఒకటి ఇలా ప్రవర్తించలేదు, కాబట్టి అన్ని శలభాలకూ ఇది వర్తిస్తుందని రాయకండి.

చూళైమేడు_చంద్రం:
తేజ గారి మాటకు తోడు ఆత్మరక్షణను కూడా పెట్టవచ్చును. ఇంటి బల్లి తోకను వదిలేసి పారిపోతుంది. ఉడుము తోక అలా ఊడదు, దానిని కొరడాలా ఝుళిపించి కొడుతుంది. ఆశ్చర్యమేమిటంటే, బల్లి తోక చేసే పనిని అట్లాస్ శలభంలో ముందు రెక్కల కొనలు చేస్తాయి. ఆ కొనలు పాము తలలా ఉంటాయని అందరూ చెబుతారు. చీకటిలో వేటాడే గబ్బిలానికి ఆ రంగులతో పని లేదు, అది ప్రతిధ్వనిని వింటుంది. ముడతలు పడిన ఆ కొనలు శరీరం కంటే బలమైన ప్రతిధ్వనిని వెనక్కు పంపుతాయనీ, అందువల్ల గబ్బిలం దెబ్బ రెక్క చివరకు తగిలి శలభం బతికిపోయే అవకాశం ఉందనీ 2021లో బ్రిస్టల్ శాస్త్రవేత్తలు చూపించారు. ఈ కుటుంబపు శలభాలకు చెవులు లేవు. వినలేని ప్రాణి వినే శత్రువును ఇలా ఏమారుస్తోంది.

గోడపత్రిక_శారద:
ఇంత సమాచారం వస్తుందని నేను ఊహించలేదు. వాసన, తిండి, వేడి, తోకా రెక్క కొనా, తల్లి నిర్ణయించే ఆడా మగా అన్న అయిదింటిని తీసుకుంటున్నాను. మాస్టారు చెప్పిన వాక్యాన్ని యథాతథంగా పెడతాను. ఆక్షేపించిన తండ్రిగారికి నిన్న వేడి గురించి చెబితే, ఆయన వేళాకోళంగా నవ్వి, తరువాత తన ఫోనులో ఉన్న ఒక శలభం ఫోటో చూపించి దాని పేరు అడిగారు. ఇప్పుడు ఒక చిక్కు మిగిలింది. బొమ్మలు రెండూ ఒకే పరిమాణంలో ఉన్నాయి. చూసినవారు శలభం ఉడుమంత ఉంటుందని అనుకుంటే ఏమి చేయాలి?

తుమకూరురోడ్డు_తేజ:
పక్కన ఒక కొలబద్ద గీయించండి.

చూళైమేడు_చంద్రం:
కొలబద్ద కంటే అసలు పరిమాణమే మేలు. శలభం రెక్కలు విప్పితే సుమారు 24 సెంటీమీటర్లు, అది చార్టు మీద హాయిగా పడుతుంది. పెద్ద ఉడుము 175 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చు. అందులో తల నుంచి తోక మొదలు వరకు 75, తోక ఒక్కటే 100. చార్టు మీద తల వరకు వేసి, మిగిలిన ఒంటిని కారిడారు గోడ వెంట కాగితాలు అతికించి కొనసాగించండి.

సిగ్నల్_దగ్గర_సీను:
తోక ఎవరి తలుపు ముందు పూర్తవుతుందో వారితో ముందుగా మాట్లాడుకోండి.

గోడపత్రిక_శారద:
లెక్క వేసి చూశాను. అది సరిగ్గా ఆ తండ్రిగారి తలుపే. అనుమతి అడిగితే, తోక కొన దగ్గర రంగు వేసే పని తమ అబ్బాయికి ఇవ్వాలని షరతు పెట్టారు.